అంగీకారపత్రం మీద అమ్మమ్మ సంతకం

2020 మార్చి 1, ఆదివారం. కువైట్‌లో వారం మొదలయ్యేది ఆదివారంతోనే. ఫిబ్రవరి 25 జాతీయ దినం, 26 విమోచన దినం. ఆ సెలవులు ముగిసి పిల్లలు మళ్లీ బస్సెక్కాల్సిన పొద్దు అది. ఎక్కలేదు. వారం ముందు, ఫిబ్రవరి 24న, ఇరాన్‌లోని మష్హద్ నుంచి తిరిగొచ్చిన ప్రయాణికుల్లో తొలి కరోనా కేసులు బయటపడ్డాయి. బడికి రెండు వారాల సెలవన్నారు. ఆ రెండు వారాలు సాగి సాగి సర్కారు బడుల విషయంలో 2021 అక్టోబరు 3 దాకా వెళ్లాయి. ప్రైవేటు బడులు దానికి కాస్త ముందు, సెప్టెంబరులో తలుపులు తీయడం మొదలుపెట్టాయి. మన పిల్లలు చదివే భారతీయ బడులూ వాటిలోవే. అటూ ఇటుగా పందొమ్మిది నెలలు. 2020 ఏప్రిల్‌లో ఎల్‌కేజీలో చేరిన పిల్ల యూకేజీ సగం అయ్యాక గానీ తన బడి గోడ రంగేమిటో చూడలేదు.

బడి తెరవాలా వద్దా అన్న వాదన ఆ రోజుల్లో ప్రపంచమంతా నడిచింది. స్వీడన్ పదహారేళ్ల లోపు పిల్లల బడులను మూయనే లేదు. డెన్మార్క్ 2020 ఏప్రిల్ 15 నుంచే చిన్న తరగతులను వెనక్కి పిలిచింది. ఈ వాదన ఎక్కడ జరిగినా చివరికి తల్లిదండ్రులను రెండు జట్లుగా విడదీసింది: పిల్లలను పంపే ధైర్యస్తులు, పంపని భయస్తులు. సర్వేలు కూడా అలాగే అడిగాయి. పంపుతారా, పంపరా, చెప్పలేరా? కువైట్‌లోని తెలుగువాళ్ల సంగతి దగ్గరగా చూస్తే ఈ లెక్క ఎంత పైపైదో తెలుస్తుంది. రోగమంటే భయం అందరికీ దాదాపు ఒకటే. త్రాసులో రెండో పళ్లెంలో ఎవరు ఏం పెట్టుకున్నారన్న చోటే దారులు చీలాయి. ఆ రెండో పళ్లెంలోకి తొంగిచూసిన ప్రభుత్వం ఏదీ నాకు కనిపించలేదు, అక్కడా, ఇక్కడా.

అబ్బాసియాతో మొదలుపెడదాం. పటం మీద దాని పేరు జిలీబ్ అల్ షుయూఖ్. మనవాళ్ల నోట మాత్రం అబ్బాసియానే. భారతీయులు కిక్కిరిసి ఉండే పేట, భారతీయ బడులు చాలా ఉన్న పేట కూడా. 2020 ఏప్రిల్ 6న ప్రభుత్వం ఈ ప్రాంతాన్నీ, కూలీలు ఎక్కువగా ఉండే మహబూలానూ పూర్తిగా దిగ్బంధించింది. అవి తెరుచుకునేసరికి జులై వచ్చింది. మధ్యలో మే 10 నుంచి 30 వరకు దేశమంతటా పూర్తి కర్ఫ్యూ. అక్కడి మధ్యతరగతి తెలుగు కుటుంబం చాలాసార్లు ఫ్లాటులో ఒంటరిగా ఉండదు. అద్దె గిట్టుబాటు కావాలంటే ఒక పడగ్గది ఇంకో కుటుంబానికో, ఇద్దరు ముగ్గురు బ్రహ్మచారులకో ఇవ్వాల్సిందే. వంటిల్లు ఉమ్మడి, స్నానాలగది ఉమ్మడి. మిగిలిన ఒక్క గదిలో నాలుగో తరగతి పిల్లవాడికి లెక్కలు, ఏడో తరగతి పిల్లకు హిందీ, తండ్రికి ఆఫీసు కాల్, ఒకే సమయంలో. బడి మూసేస్తే పిల్లలు ఇంట్లో క్షేమంగా ఉంటారన్న మాటలో 'ఇల్లు' అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. పక్కగది డ్రైవరు రోజూ పదిమందిని ఎక్కించుకుని తిరిగొచ్చే ఇల్లది. ఆ ఇంటికన్నా బడే నయమని ఒక తల్లి అనుకుంటే ఆమెను ధైర్యస్తురాలనడం తప్పు. ఆమె లెక్క ఆమె వేసుకుంది.

అదే పేటలో, అదే అంతస్తులో, ఎదురింటి తల్లి ససేమిరా అంటుంది. ఆమె నర్సు అనుకుందాం. వార్డులో చూసింది చూసినట్టుగా ఆమెకు గుర్తుంది. దానికి తోడు ఆమె అడిగే ప్రశ్న ఇంకోటుంది: తరగతి గదిలో గాలి ఎటునుంచి వస్తుంది? కిటికీలు తెరిచి పాఠం చెప్పండి అని ప్రపంచమంతా సలహా ఇచ్చింది. చలిదేశాల్లో దుప్పటి కప్పుకుని కూర్చుంటే సరిపోయింది. కువైట్‌లో సెప్టెంబరులో కిటికీ తెరవడమంటే పొయ్యి మూత తీయడమే. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం అది. బడులు తెరిచే నాటికి నలభై దాటిన ఎండలే ఉంటాయి, పైన ఇసుకగాలి. కాబట్టి కిటికీలు బిగించి ఏసీ వేస్తారు. లోపలి గాలే లోపల తిరుగుతుంది. గదికి ఇరవై మందికి మించి కూర్చోబెట్టవద్దు, విద్యార్థులను రెండు జట్లుగా చేసి రోజు విడిచి రోజు రప్పించండి అని 2021లో కువైట్ విద్యాశాఖ పెట్టిన నియమాలు దీనికి కొంత జవాబు. ఇరవైమంది అన్న అంకె తల్లిదండ్రులకు చెప్పారు. ఆ ఏసీ బయటి గాలి ఎంత తెస్తుందో చెప్పినట్టు నేను చూడలేదు. నర్సు తల్లికి కావలసింది ఆ రెండో అంకె.

రోజు విడిచి రోజు పద్ధతి గురించి ఒక మాట. కాగితం మీద అది మధ్యేమార్గంలా కనిపిస్తుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో అది రెండు వైపులా దెబ్బ. పూర్తిగా మూసి ఉంటే పిల్లను చూసుకోవడానికి ఏదో ఒక ఏర్పాటు, పూర్తిగా తెరిచి ఉంటే ఇంకో ఏర్పాటు. సగం సగం అయితే రెండు ఏర్పాట్లూ కావాలి. బస్సుకూ కట్టాలి, ఇంట్లో కనిపెట్టుకుని ఉండే మనిషికీ ఇవ్వాలి. ఆన్‌లైన్ చదువు కాలానికి ప్రైవేటు బడుల ఫీజు 25 శాతం తగ్గించాలని 2020లో కువైట్ విద్యాశాఖ ఆదేశించింది. జీతాలు తగ్గి, ఉద్యోగాలు ఊడుతున్న రోజుల్లో ఆ పావు వంతు చిన్నది కాదు. బడి తెరవడమంటే చాలా ఇళ్లలో పూర్తి ఫీజు, బస్సు, కొత్త బూట్లు. ఆరోగ్యం పేరుతో జరిగిన వాదనలో ఈ దీనార్ల లెక్క చాలామంది నోరు విప్పి చెప్పలేదు. చెప్పుకోవడం నామోషీ కదా. కరోనా భయం అంటే గౌరవంగా ఉంటుంది.

వయసు లెక్క ఇంకా చిత్రం. కువైట్‌లో టీకాలు 2020 డిసెంబరు 24న మొదలయ్యాయి. పన్నెండేళ్లు దాటిన పిల్లల వంతు 2021 వేసవికి వచ్చింది. అయిదు నుంచి పదకొండేళ్ల వాళ్ల వంతు 2022 మొదట్లో. అంటే బడి తెరిచేనాటికి ఇంట్లో పెద్దపిల్లకు టీకా పడింది, చిన్నవాడికి పడలేదు. తెరమీద పాఠం పెద్దపిల్లకు ఎలాగో సాగుతుంది, అక్షరాలు దిద్దాల్సిన చిన్నవాడికి సాగదు. బడి ఎక్కువ అవసరమైన పిల్లవాడికే రక్షణ లేదు. ఏ తండ్రినైనా ఇక్కడ నిలబెట్టి పంపుతావా పంపవా అనడిగితే ఏం చెప్తాడు?

ఇవన్నీ కువైట్‌లో ఉన్న పిల్లల సంగతులు. కువైట్ బడిలో పేరుండి కువైట్‌లో లేని పిల్లలు ఇంకొందరు. 2020 మార్చి 13న విమానాశ్రయం మూతపడింది. మే 9న, విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చే వందే భారత్ తొలి విమానం కువైట్ నుంచి హైదరాబాద్ వచ్చింది. గర్భిణులు, రోగులు, ఉద్యోగం పోయినవాళ్లు, పిల్లలతో తల్లులు ఇలా విడతలుగా వచ్చేశారు. వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లడం వచ్చినంత తేలిక కాలేదు. ఆగస్టు 1న విమానాశ్రయం మళ్లీ తెరిచినా, నేరుగా రాకూడని దేశాల జాబితాలో భారత్ ఉంది. దుబాయ్‌లో పద్నాలుగు రోజులు ఉండి వెళ్లినవాళ్లు కొందరు. 2021 ఫిబ్రవరిలో ఆ దారీ మూసుకుపోయింది. టీకా వేసుకున్న ప్రవాసులను ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి రానిచ్చారు, నేరుగా విమానాలు సెప్టెంబరులో మొదలయ్యాయి. ఈ ఏడాది పైచిలుకు కాలం తండ్రి కువైట్‌లోని ఫర్వానియాలో, తల్లీపిల్లలు కడపలోనో నెల్లూరులోనో. కువైట్‌లో ఏడున్నరకు గంట కొడితే ఇక్కడ పది. పిల్లలు కువైట్ పాఠం కడప మిద్దె మీద విన్నారు. వాళ్లకు బడి మూసి ఉండడమే వరం, తెరిస్తే సీటు పోతుందేమోనన్న దిగులు. ఇంకోపక్క అకామా, అంటే నివాస అనుమతి, గడువు. చదువు కోసం అకామానా, అకామా కోసం చదువా అన్నట్టు తయారైంది.

మాట చెల్లుబాటు కావడంలోనూ తేడా ఉంది. 2021 మే నెలాఖరులో కువైట్ సర్కారు పన్నెండో తరగతి పిల్లలకు హాల్లో కూర్చోబెట్టి కాగితం మీద పరీక్షలు పెట్టింది. దానికి ముందు పెద్ద గొడవే జరిగింది. ఏడాదంతా ఆన్‌లైన్‌లో చెప్పి పరీక్ష మాత్రం కాగితం మీద ఏమిటని తల్లిదండ్రులు నిలదీశారు, పార్లమెంటు సభ్యులు గొంతు కలిపారు, మగవాళ్లు కూడే దివానియాల్లో రాత్రిళ్లు అదే మాట. ప్రభుత్వం తన మాటే నెగ్గించుకుంది. అయినా అప్పట్లో అక్కడి పౌరుడికి నిలదీయడానికి ఒక మనిషి ఉండేవాడు. భారతీయ తండ్రికి ఎవరున్నారు? ఆయన పిల్ల చదివే బడి నడిచేది కువైట్ విద్యాశాఖ అనుమతితో. పరీక్ష ఢిల్లీలోని సీబీఎస్‌ఈది. ఆయన ఓటు పులివెందులలో. మూడు చోట్లలో ఎక్కడా ఆయన మాట వినే గుమాస్తా లేడు. విదేశాల్లోని బడులకు మిగిలిన బోర్డు పరీక్షలు ఇక పెట్టబోమని 2020 ఏప్రిల్ 1న సీబీఎస్‌ఈ ప్రకటించినప్పుడూ, 2021లో పది, పన్నెండు పరీక్షలను రద్దు చేసినప్పుడూ కబురు టీవీలోనే తెలిసింది. ఒకే ఊళ్లో ఒకే జూన్‌లో కువైటీ పిల్లవాడు పరీక్ష రాశాడు, పక్క వీధి తెలుగు పిల్ల రాయకుండానే మార్కులు తెచ్చుకుంది. ఎవరికి మేలు జరిగిందో ఇప్పటికీ చెప్పలేను.

ఒకచోట మాత్రం మాట చెల్లింది. 2020లో గల్ఫ్‌లో వైద్యవిద్య ప్రవేశ పరీక్ష నీట్‌కు కేంద్రాలు పెట్టాలని తల్లిదండ్రులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఆగస్టులో కోర్టు కాదంది, విద్యార్థులను వందే భారత్ విమానాల్లో రానివ్వాలంది. మరుసటి ఏడాది ప్రభుత్వమే దిగొచ్చింది. 2021 సెప్టెంబరు 12న కువైట్‌లో తొలిసారి నీట్ జరిగింది, భారత రాయబార కార్యాలయం ఆవరణలో. ఏడాదిన్నర పాటు బడి తెరవాలా వద్దా అని రెండుగా చీలిన తల్లిదండ్రులు ఈ ఒక్క పరీక్ష దగ్గర ఒక్కటయ్యారు. మన మధ్యతరగతికి బడి అంటే ఏమిటో అక్కడ కొంచెం బయటపడింది. పాఠం ఇంట్లో విన్నా ఫరవాలేదు, పరీక్ష మాత్రం ఉండాలి.

ఇప్పటిదాకా చెప్పుకున్నవాళ్లు కువైట్ తెలుగువాళ్లలో ఒక చిన్న భాగం. నాకు అసలు చెప్పాలనిపించింది మిగతావాళ్ల గురించి. అప్పట్లో కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే కనీసం 500 దీనార్ల జీతం చూపించాలి. రాజంపేట, రైల్వేకోడూరు, రాయచోటి నుంచి, కోనసీమ ఊళ్ల నుంచి వెళ్లిన డ్రైవర్లకూ వంటవాళ్లకూ అది అందని మాట. ఇంటిపని వీసా మీద వెళ్లిన ఆడవాళ్లకైతే ఆ ప్రశ్నే లేదు. చట్టం వాళ్లకు పెట్టిన కనీస జీతం నెలకు 60 దీనార్లు. అక్కడ వాళ్లను ఖద్దామా అంటారు. వాళ్ల పిల్లలు ఊళ్లో అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతారు. వీళ్లూ తల్లిదండ్రులే. బడి తెరవాలా వద్దా అన్న ప్రశ్న వీళ్లకూ వచ్చింది. రెండు వైపుల నుంచి వచ్చింది.

కువైట్‌లో బడులు మూతపడ్డప్పుడు యజమాని ఇంట్లో నలుగురైదుగురు పిల్లలు పొద్దస్తమానం ఇంట్లోనే. వాళ్లకు టిఫిను, వాళ్ల తెర ముందు కాపలా, వాళ్ల అల్లరి, రాత్రి పొద్దుపోయాక ఎంగిలి గిన్నెలు. కువైట్ బడి మూత వల్ల పెరిగిన చాకిరీలో పెద్ద వాటా ఈ ఆడవాళ్ల నెత్తిన పడింది. శుక్రవారం సెలవు కూడా కర్ఫ్యూ మింగేసింది. అరబ్బు పిల్ల ట్యాబులో చార్జింగు ఉందో లేదో చూసిన చెయ్యే, సందు దొరికినప్పుడు బాత్‌రూములోంచి ఊరికి ఫోను చేసింది. ఊళ్లో తన పిల్లకు ఫోనుందా? ఉంటే అది మేనమామది, ఆయన పొలం నుంచి వచ్చేసరికి పాఠం అయిపోతుంది.

2020 సెప్టెంబరులో కేంద్రం తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల వాళ్లు ఇష్టముంటే బడికి వెళ్లవచ్చంది, తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారంతో. ఆంధ్రప్రదేశ్‌లో నవంబరు 2న తొమ్మిది, పది తరగతులతో బడులు తెరిచారు. అప్పుడూ అంగీకారపత్రం కావాలన్నారు. ఆ సమయంలో కువైట్‌కూ కడప జిల్లాకూ మధ్య తిరిగిన ఫోన్లు ఎలా ఉండి ఉంటాయో ఊహించడం కష్టం కాదు.

“సంతకం పెట్టమంటాండారు మే. పెట్టేదా?”

“టీచరమ్మ ఏమంటాంది మా?”

“ఆయమ్మ ఏమంటాది. మీ ఇష్టం అంటాంది.”

మీ ఇష్టం. నా అభ్యంతరమంతా ఈ రెండు మాటల మీదే. అంగీకారపత్రం అడగడం ప్రజాస్వామ్యంలా కనిపిస్తుంది, నిజమే. కానీ ఆ కాగితం చేసే పని ఏమిటి? జరగకూడనిది జరిగితే నువ్వే పంపావు కదా అనడానికి వీలు కల్పించడం. ఇష్టం అన్నది తెలిసినవాళ్లు చేసే పని. ఊళ్లో ఎన్ని కేసులున్నాయో, బడిలో ఎందరికి పరీక్షలు చేశారో, పిల్లకు జ్వరమొస్తే అరవై దాటిన అమ్మమ్మ ఎక్కడ పడుకోవాలో చెప్పకుండా ఇష్టం అడిగితే అది బరువు దించుకోవడమే. ఆ ఇంట్లో ప్రమాదం నిజంగా పిల్లది కూడా కాదు. కరోనాతో పిల్లలు చాలావరకు తేలిగ్గా బయటపడ్డారు. మీద పడితే అమ్మమ్మ మీద పడాలి. అంటే తన ప్రాణం మీదకు తెచ్చే కాగితం మీద ఆమే సంతకం పెట్టింది, అదీ కూతురి తరఫున.

అయితే ఒకటి చెప్పాలి. ఆ నవంబరులో ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ చేసిన ఒక పని నాకు నచ్చింది. తెరిచిన మూడు నాలుగు రోజులకే 262 మంది విద్యార్థులకూ, సుమారు 160 మంది ఉపాధ్యాయులకూ కరోనా తేలిందన్న వార్త వచ్చింది. దేశమంతా గగ్గోలు. అప్పటి పాఠశాల విద్యా కమిషనర్ వాడ్రేవు చినవీరభద్రుడు దాన్ని దాచలేదు, తగ్గించి చెప్పలేదు. బడికి వచ్చినవాళ్లు సుమారు నాలుగు లక్షలని పక్కన ఇంకో అంకె పెట్టారు. అంటే పదివేల మందికి ఏడుగురి లోపు. వాళ్లకు బడిలోనే అంటిందని చెప్పలేమని కూడా అన్నారు. 262 అన్న అంకె ఒంటరిగా వింటే గుండె ఆగుతుంది. నాలుగు లక్షల పక్కన నిలబెడితే ఆలోచన మొదలవుతుంది. ఉపాధ్యాయుల అంకెనూ అలాగే చూడాలి. వాళ్లు లక్షకు దగ్గరగా హాజరయ్యారు, అంటే పిల్లలకన్నా వాళ్లలోనే కేసుల నిష్పత్తి రెండింతలకు పైగా. తల్లిదండ్రుల భయం పిల్లల చుట్టూ తిరుగుతుంటే, అంకెలు పంతులు గారి వైపు చూపించాయి. ఇలాంటి లెక్క వారం వారం, మండలం వారీగా, బడి గేటు మీద రాసి పెట్టి ఉంటే? అమ్మమ్మకు చదవడం రాకపోయినా మనవరాలు చదివి చెప్పేది. అది జరగలేదు. వార్త చల్లారాక లెక్కా చల్లారింది.

2022 జనవరి నాటికి ఒమిక్రాన్ వచ్చింది. సంక్రాంతి సెలవులు కాగానే ఆంధ్రప్రదేశ్ 17న బడులు తెరిచేసింది. తెలంగాణ నెలాఖరు దాకా మూసి ఫిబ్రవరి 1న తెరిచింది. కృష్ణకు ఇటు తెరిచిన బడి, అటు మూసిన బడి. వైరస్ ఒకటే, భాష ఒకటే, పాఠం కూడా ఇంచుమించు ఒకటే. కువైట్‌లో ఒకే గదిలో ఉండే ఖమ్మం మనిషికీ ఏలూరు మనిషికీ ఆ పదిహేను రోజులు ఎంత వాదన నడిచి ఉంటుందో. అంతకు ముందు 2021 ఆగస్టు 31న, బడులు తెరవడానికి ఒక్కరోజు ముందు, పిల్లలను ప్రత్యక్ష తరగతులకు రమ్మని బలవంతపెట్టవద్దని తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. గురుకులాలను అప్పుడే తెరవవద్దంది. కోర్టు ఉద్దేశం మంచిదే. కాని గురుకులంలో చదివేది ఎవరి పిల్లలు? ఇంట్లో ఫోను లేనివాళ్లు, అన్నం కూడా బడిలోనే తినేవాళ్లు, తల్లి గల్ఫ్‌లోనో తండ్రి ముంబయిలోనో ఉన్నవాళ్లు. జాగ్రత్త పేరుతో ఎక్కువ కాలం ఆగింది వాళ్ల బడి.

నష్టం ఎంతన్నది తర్వాత తెలిసింది. మన దేశపు పల్లెల్లో రెండో తరగతి వాచకం చదవగల మూడో తరగతి పిల్లలు 2018లో 27.3 శాతం ఉంటే, 2022లో 20.5 శాతానికి పడిపోయారని అసర్ సర్వే చెప్పింది. 2024కి మళ్లీ 27.1కి చేరారు. అంటే కోలుకోవడం అసాధ్యం కాదు. అయితే కోలుకున్నది ఆ తరగతి. 2022లో మూడో తరగతిలో ఉన్న పిల్ల 2024కి అయిదులో ఉంది, ఆమె పాత లోటు ఆమెతోనే పైతరగతికి నడిచింది. కువైట్ మాట అంటారా, పన్నెండేళ్ల బడి చదువులో అక్కడి పిల్లలు నిజంగా నేర్చుకునేది ఏడేళ్ల నాలుగు నెలల పైచిలుకుకు సమానమని ప్రపంచబ్యాంకు 2020లోనే లెక్క కట్టింది. పందొమ్మిది నెలల మూతకు ముందు లెక్క అది. ఇరాక్ దాడి తర్వాత కువైట్ 1991–92లో రెండేళ్ల చదువును ఒకే ఏడాదిలో కలిపి చెప్పింది. యుద్ధం చేసిన గండిని పూడ్చాలని అప్పుడు ఒక పేరు పెట్టి మరీ పనిచేశారు. 2020లో ఒకటి నుంచి పదకొండు తరగతుల వాళ్లను మాత్రం పైకి పంపేశారు. మన దగ్గరా అంతే.

2024 జనవరిలో కువైట్ కుటుంబ వీసాకు కావలసిన జీతాన్ని 800 దీనార్లు చేసింది. అబ్బాసియా ఫ్లాటులో ఒక గది అద్దెకిచ్చి పిల్లలను చదివించుకునే గుమాస్తాకు, మెకానిక్కుకు ఇది కొత్త గోడ. పిల్లలు ఊళ్లో, తల్లిదండ్రులు ఫోనులో ఉండే ఇళ్లు ఇంకా పెరుగుతాయి. మన బడి రిజిస్టరులో ఇప్పటికీ తండ్రి పేరు, తల్లి పేరు, వాళ్ల ఫోను నంబరు రాసుకుంటారు. +965తో మొదలయ్యే ఆ నంబరుకు బడి నుంచి మెసేజీ వెళ్లదు, చాలాచోట్ల అక్కడి సిస్టమ్ పది అంకెలకు మించి తీసుకోదు. పిల్లను నిజంగా చూసుకునే అమ్మమ్మ పేరు ఆ రిజిస్టరులో చాలాసార్లు కనిపించదు.